తీర్పు వచ్చిన తర్వాత: తెలుగు నేల మీది రాజ్యాంగ, క్రిమినల్, పన్ను వివాదాల సమీక్ష

2004 నవంబరు 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన రెండు వివాదాలను ఒకే రోజు తేల్చింది. రెండింటిలోనూ కూర్చున్న అయిదుగురు న్యాయమూర్తులు వాళ్లే. మొదటిది ఇ.వి. చిన్నయ్య కేసు. షెడ్యూల్డు కులాలను ఎ, బి, సి, డి వర్గాలుగా విడదీసి, 15 శాతం రిజర్వేషన్‌ను 1, 7, 6, 1 శాతాలుగా పంచిన 2000 నాటి రాష్ట్ర చట్టం చెల్లదని ఆ తీర్పు. రెండోది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కేసు. దుకాణంలో దొరికే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా సరుకే, దాని మీద రాష్ట్రం అమ్మకం పన్ను వేయవచ్చునని ఆ తీర్పు. మొదటి తీర్పును ఇరవై ఏళ్లు నిండకముందే ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. రెండోది ఈనాటికీ నిలిచి ఉంది.

ఒకే రోజున పుట్టిన రెండు తీర్పుల గతి ఇంత వేరుగా ఉండడానికి కారణం ఉంది. రాజ్యాంగ వివాదం, క్రిమినల్ కేసు, పన్ను తగాదా ఒకే హైకోర్టులో నడుస్తాయి, ఒక్కోసారి ఒకే బెంచ్ ముందు నడుస్తాయి. తీర్పు వెలువడ్డాక మాత్రం ఒక్కోదాని దారి ఒక్కోలా ఉంటుంది. రాజ్యాంగ తీర్పు నచ్చకపోతే పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించవచ్చు. క్రిమినల్ చట్టాన్ని వెనక్కి జరిపి, నిన్న నేరం కాని పనికి నేడు శిక్ష వేయడాన్ని 20(1) అధికరణ నిషేధిస్తుంది. పన్నుకు అలాంటి నిషేధం లేదు. పైగా పన్ను కేసులో ఒక కక్షిదారు సర్కారే, చట్టం చేయగలిగేదీ సర్కారే. అందుకే ఏ తీర్పునైనా అది చెప్పిన మాటతో పాటు ఆ తర్వాత దానికి ఏం జరిగిందో కూడా కలిపి చదవాలి. పత్రికల్లో తీర్పు వచ్చిన రోజు వార్త వస్తుంది. అయిదేళ్ల తర్వాత దాని గతి ఏమైందో రాసేవాళ్లు తక్కువ. సామాన్యుడికి నష్టం జరిగేది ఎక్కువగా అక్కడే.

హైదరాబాద్‌లోని చంపాపేట్ నుంచి చూస్తే కోర్టుల వ్యవస్థ మొదటి మెట్టు దగ్గరలోనే ఉంది. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు కోర్టుల సముదాయం ఎల్బీ నగర్‌లో ఉంది. హత్య కేసు సెషన్స్ కోర్టులో, ఇంటి పంపకాల దావా సివిల్ కోర్టులో మొదలవుతాయి. పన్ను వివాదం కోర్టులో మొదలవదు. ముందు అధికారి ఇచ్చే అసెస్‌మెంట్ ఆర్డరు, దాని మీద శాఖలోనే అప్పీలు, ఆ పైన ట్రిబ్యునల్. చట్టానికి సంబంధించిన ప్రశ్న మిగిలితేనే హైకోర్టు. రాజ్యాంగ ప్రశ్నకు ఈ మెట్లేవీ అక్కర్లేదు, 226వ అధికరణ కింద నేరుగా హైకోర్టులో రిట్ వేయవచ్చు. 1954లో గుంటూరులో మొదలై, 1956లో హైదరాబాద్‌కు మారిన ఉమ్మడి హైకోర్టు 2019 జనవరి 1న రెండుగా విడిపోయింది. ఈ సమీక్షలో ‘హైకోర్టు’ అన్నచోట ఆ తేదీకి ముందైతే ఉమ్మడి హైకోర్టు, తర్వాతైతే తెలంగాణ హైకోర్టు.

ఇంకొక్క సూత్రం ముందే చెప్పుకోవాలి. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం 141వ అధికరణ ప్రకారం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం. దాన్ని మార్చగలిగేది అంతకన్నా పెద్ద ధర్మాసనం, లేదంటే శాసనసభ. శాసనసభ కూడా ‘ఫలానా తీర్పు చెల్లదు’ అని చట్టం చేయలేదు. కోర్టు ఏ లోపం చూసి చట్టాన్ని కొట్టేసిందో ఆ లోపాన్ని మాత్రమే సరిదిద్దగలదు, కావాలంటే వెనకటి తేదీ నుంచి సరిదిద్దగలదు. ఈ గీత సన్ననిది. దానికి ఏ పక్కన నిలబడ్డారన్న దాని మీదే సగం పన్ను కేసులు తేలుతాయి.

రాజ్యాంగ వివాదాల్లో తెలుగువాళ్ల బతుకులను అన్నిటికన్నా బలంగా కుదిపినవి ముల్కీ తీర్పులు. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో సర్కారీ కొలువు ముల్కీలకే. బయటి నుంచి వచ్చినవాళ్లు ముల్కీలు కావాలంటే 15 ఏళ్ల నివాసం ఉండాలి. 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిసినప్పుడు ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఉంటుందని పెద్దమనుషుల ఒప్పందం హామీ ఇచ్చింది. 1957 నాటి పబ్లిక్ ఎంప్లాయ్‌మెంట్ చట్టం ఆ హామీకి ఆసరా అయింది. 1969 మార్చి 28న ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు ఆ ఆసరాను తీసేసింది. ఉద్యోగానికి నివాస నిబంధన ఒక రాష్ట్రం మొత్తానికి పెట్టవచ్చు గానీ రాష్ట్రంలోని ఒక ప్రాంతానికి పెట్టడానికి 16(3) అధికరణ ఒప్పుకోదన్నది తీర్పు సారాంశం. అప్పటికే తెలంగాణ ఉద్యమం వీధుల్లో ఉంది. హామీ నిలబడలేదని ఆవేదన పడుతున్నవాళ్లకు, ఆ హామీకి రాజ్యాంగంలోనే చోటు లేదని కోర్టు చెప్పినట్టయింది.

చట్టం పోయాక మరో ప్రశ్న లేచింది. దానికి ముందున్న ముల్కీ నిబంధనలు బతికి ఉన్నట్టా, లేనట్టా? లేవని 1972 ఫిబ్రవరిలో హైకోర్టు ఫుల్ బెంచ్ మెజారిటీ తీర్పు. ఉన్నాయని అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు. రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికి ఉన్న నివాస నిబంధనలు పార్లమెంటు మార్చేదాకా కొనసాగుతాయని 35(బి) అధికరణ చెబుతుంది గనుక, పాత నిబంధనలు కొత్త చట్టంతో పాటు చావలేదని కోర్టు వివరించింది. న్యాయశాస్త్రం ప్రకారం సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ రెండు తీర్పుల మధ్య వైరుధ్యం లేదు. కానీ మూడున్నరేళ్ల తేడాలో ఒకటి తెలంగాణను, ఇంకొకటి కోస్తా, రాయలసీమలను మండించాయి. జై ఆంధ్ర ఉద్యమం లేచింది, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి పదవి నుంచి దిగిపోయారు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాని వెంట 32వ రాజ్యాంగ సవరణ, 1974 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన 371-డి అధికరణ. కోర్టు ఏ అధికరణను చూపి కాదన్నదో దాన్ని ముట్టుకోకుండా పక్కనే కొత్త అధికరణ పెట్టి, రాజ్యాంగంలో ఇంకెక్కడ ఏమున్నా దీని మాటే చెల్లుతుందని అందులోనే రాశారు.

371-డి కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులే జోనల్ వ్యవస్థకు మూలం. 2018లో తెలంగాణకు కొత్త ఉత్తర్వులు వచ్చాయి: 7 జోన్లు, 2 మల్టీజోన్లు, స్థానికులకు 95 శాతం ఉద్యోగాలు. స్థానికత గొడవ ఇప్పుడు ఉద్యోగాల కన్నా మెడికల్ సీట్ల దగ్గర ముదిరింది. ఇంటర్ దాకా చివరి నాలుగేళ్లు తెలంగాణలోనే చదివితేనే స్థానిక అభ్యర్థి అన్న నిబంధనను హైకోర్టు 2024లో సడలిస్తే, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నిబంధనను నిలబెట్టింది. పిల్లవాడిని విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించే దిల్‌సుఖ్‌నగర్ తల్లిదండ్రులకు ఈ తీర్పు నేరుగా తగులుతుంది. ఇంటర్ రెండేళ్లు రాష్ట్రం దాటితే కన్వీనర్ కోటాలో స్థానికత పోతుంది.

371-డి అంతా కోర్టు తాకని కోట కాదు. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఇచ్చిన ఆర్డరును సర్కారు మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు అన్న 5వ క్లాజును 1986లో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఓడిపోయిన కక్షిదారే తీర్పును రద్దు చేసుకోగలిగితే అది న్యాయపాలన కాదు గదా. ట్రిబ్యునల్ ఉన్నంత మాత్రాన హైకోర్టు రిట్ అధికారం పోదని 1993లో సకినాల హరినాథ్ కేసులో మన హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పిన మాటే 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో దేశానికంతటికీ న్యాయసూత్రమైంది. హైదరాబాద్‌లో పుట్టి ఢిల్లీలో నిలబడ్డ తీర్పుల్లో ఇది ముఖ్యమైనది, తగినంత పేరు మాత్రం రాలేదు.

కొన్ని తీర్పులు పుట్టిన వెంటనే చచ్చిపోయి, దశాబ్దాల తర్వాత ప్రాణం పోసుకుంటాయి. పోలీసులు రాత్రిపూట ఇంటి తలుపు తట్టి నిఘా పెట్టడం గురించిన ఖరక్ సింగ్ కేసులో, వ్యక్తి గోప్యత కూడా స్వేచ్ఛలో భాగమేనని కోకా సుబ్బారావు రాసిన భిన్నాభిప్రాయం అలాంటిది. రాజమండ్రి నుంచి వెళ్లి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సుబ్బారావు ఆ కేసులో మైనారిటీ. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆయన దారే సరైనదన్నారు. ఇదే తోవలో 1983లో హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, భార్యను కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ స్త్రీ దేహం మీద ఆమెకున్న హక్కును హరిస్తుందని, అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు రాశారు. ఏడాది తిరిగేసరికి సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కాదంది. 9వ సెక్షన్ ఇంకా పుస్తకంలోనే ఉంది. పుట్టస్వామి తర్వాత దాన్ని మళ్లీ సవాలు చేసిన పిటిషన్లలో చౌదరి తీర్పే మొదటి ఆధారం. ఆ తీర్పు అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ సబబుగా వినిపిస్తుంది.

సగం చచ్చి సగం రాజ్యాంగమైన తీర్పు కూడా ఒకటుంది. 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు క్యాపిటేషన్ ఫీజుల గొడవగా ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. తెలంగాణవాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అందులో ప్రధాన తీర్పు రాశారు. ప్రైవేటు కాలేజీల్లో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అన్న పథకాన్ని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసు ఎత్తేసింది. 14 ఏళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అన్న భాగాన్ని మాత్రం అదే ఏడాది 86వ సవరణ, ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తించేలా, 21-ఎ అధికరణగా రాజ్యాంగంలో చేర్చింది.

1997 జూలై 11 నాటి సమత తీర్పు గతి వీటికి భిన్నం. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజన భూముల్లోని గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం, గిరిజనేతరులకు భూ బదలాయింపును నిషేధించిన 1/70 నిబంధనకు విరుద్ధమని సుప్రీంకోర్టు ముగ్గురిలో ఇద్దరి మెజారిటీతో చెప్పింది. గిరిజనేతరుడంటే కంపెనీ కూడా, చివరికి సర్కారు కూడా అన్నది ఆ తీర్పు గుండెకాయ. దాన్ని ఎవరూ కొట్టేయలేదు. 2001లో బాల్కో కేసు దాని మీద సందేహం వెలిబుచ్చి ఊరుకుంది. ఏజెన్సీలో గని లీజు గొడవ వచ్చిన ప్రతిసారీ గిరిజనుల పక్షాన మొదట వినిపించేది ఈ తీర్పే.

మొదట చెప్పిన చిన్నయ్య తీర్పు కథ 2024 ఆగస్టు 1న మలుపు తిరిగింది. షెడ్యూల్డు కులాలు ఒకే జాతిగా ఉన్న సమూహం గనుక విడదీయకూడదన్న పాత వాదాన్ని, దవీందర్ సింగ్ కేసులో ఆరుగురు న్యాయమూర్తులు తోసిపుచ్చారు, ఒకరు విభేదించారు. తెలంగాణ ప్రభుత్వం జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ సిఫారసులతో 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలు కేటాయించే చట్టాన్ని 2025 ఏప్రిల్ 14న అమల్లోకి తెచ్చింది. సుప్రీంకోర్టు రెండు తీర్పుల నడుమ వర్గీకరణ కోసం డప్పు కొట్టి రోడ్డెక్కిన ఒక తరం ఉద్యోగ వయసు దాటిపోయింది. పెద్ద ధర్మాసనం తీర్పును సరిదిద్దగలదు, ఆ సంవత్సరాలను తిరిగి ఇవ్వలేదు.

క్రిమినల్ తీర్పుల్లో శాసనసభ జోక్యం తక్కువ, వాటి ఆయుష్షు ఎక్కువ. న్యాయ కళాశాలల్లో దేశమంతటా చదివే రాయవరపు పున్నయ్య కేసు గుంటూరు జిల్లా రొంపిచర్ల ముఠా తగాదాల్లో పుట్టింది. 1968లో బస్సు దిగిన ఊరి పెద్ద ఒకరిని లాక్కెళ్లి బరువైన కర్రలతో కొట్టారు. దెబ్బలన్నీ కాళ్ల మీద, చేతుల మీద. తల మీద గానీ గుండె మీద గానీ ఒక్క దెబ్బ లేదు. ఎముకలు విరిగి మర్నాటి పొద్దుటికి ఆయన చనిపోయాడు. ఆయువుపట్టు మీద కొట్టలేదు గనుక చంపే ఉద్దేశం లేదని హైకోర్టు నేరాన్ని హత్య కాని ప్రాణహరణకు తగ్గించింది. 1976లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ హత్యగా నిర్ణయించింది. ఉద్దేశపూర్వకంగా చేసిన గాయాలు మామూలుగా చావుకు దారితీసేంత తీవ్రమైనవైతే, చంపాలన్న కోరిక విడిగా రుజువు కానక్కర్లేదు. మరణం నిందితుడి చేతల వల్లే జరిగిందా, అది ప్రాణహరణ కిందికి వస్తుందా, వస్తే హత్య నిర్వచనంలో ఏ క్లాజుకు సరిపోతుంది అన్న మూడు మెట్ల పరీక్షను ఆ తీర్పు స్థిరపరిచింది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 299, 300 సెక్షన్లు 100, 101 అయ్యాయి, 302 కాస్తా 103 అయింది. మాటలు దాదాపు అవే గనుక ఎల్బీ నగర్ సెషన్స్ కోర్టులో వాదన ఇప్పటికీ పున్నయ్య కేసు చుట్టూనే తిరుగుతుంది.

బెయిల్ విషయంలో గుడికంటి నరసింహులు కేసుదీ అలాంటి స్థానమే. సెషన్స్ కోర్టు వదిలేసినవాళ్లకు హైకోర్టు శిక్ష వేసింది, వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పీలు తేలేదాకా జైల్లో ఉంచి, చివరికి నిర్దోషులంటే ఆ కాలానికి ఎవరు జవాబు చెబుతారన్న ప్రశ్నను జస్టిస్ కృష్ణయ్యర్ సూటిగా అడిగి బెయిల్ ఇచ్చారు. 1977 నాటి ఈ తీర్పును ఈనాటి బెయిల్ పిటిషన్లు కూడా ఉటంకిస్తాయి. ఉటంకించినంతగా కింది కోర్టులు పాటించకపోవడమే బాధ.

పోలీసు ఎన్‌కౌంటర్ల మీది తీర్పులది వేరే దారి. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కాల్చినవాళ్ల మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన విషయం అని 2009 ఫిబ్రవరి 6న హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల బెంచ్ పౌరహక్కుల సంఘం కేసులో చెప్పింది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు దానికి స్టే ఇచ్చింది. 2014లో పీయూసీఎల్ కేసులో అదే కోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చి, ఎఫ్‌ఐఆర్‌ను, స్వతంత్ర దర్యాప్తును తప్పనిసరి చేసింది. అయినా 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున రంగారెడ్డి జిల్లా చటాన్‌పల్లి దగ్గర పోలీసు కస్టడీలోని నలుగురు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, వాళ్లను చంపాలనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసుల మీద హత్య విచారణకు సిఫారసు చేసింది. 2022 మేలో ఆ నివేదికను హైకోర్టుకు పంపారు. కాల్పులు జరిగిన రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు. తీర్పు అక్కర్లేదన్న సంబరం అది, న్యాయం మీద నమ్మకం ఉన్నవాళ్లను ఎక్కువగా కలవరపెట్టిందీ అదే.

చంపాపేట్‌కు కూతవేటు దూరంలో జరిగిన ఘోరం 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు. 107 బస్‌స్టాప్ దగ్గర ఒకటి, ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర ఇంకొకటి. 18 ప్రాణాలు పోయాయి, వందమందికి పైగా గాయపడ్డారు. 2016 డిసెంబరు 13న ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు అయిదుగురిని దోషులుగా తేల్చి, 19న ఉరిశిక్ష వేసింది. సెషన్స్ స్థాయి కోర్టు వేసిన ఉరి దానంతట అది అమలు కాదు, హైకోర్టు ఖరారు చేయాలి. దోషి అప్పీలు చేయకపోయినా సాక్ష్యాలన్నిటినీ హైకోర్టు తానే మళ్లీ తూచాలి. ఇక్కడ ఆ పని పూర్తయ్యేసరికి 2025 ఏప్రిల్ 8 వచ్చింది. జస్టిస్ కె. లక్ష్మణ్, జస్టిస్ పి. శ్రీసుధల బెంచ్ అయిదు ఉరిశిక్షలనూ ఖరారు చేసింది. ఆ పైన సుప్రీంకోర్టు అప్పీలు, బహిరంగ కోర్టులో రివ్యూ, రాష్ట్రపతికి క్షమాభిక్ష అన్న మెట్లు ఉంటాయి. పోగొట్టుకున్న కుటుంబాలకు పన్నెండేళ్లు చాలా ఎక్కువ కాలం. తిరిగి తీసుకోలేని శిక్షకు ముందు ఇన్ని మెట్లు ఉండడమూ అవసరమే. ఆలస్యమంతా ఆ మెట్ల వల్ల జరిగింది కాదు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఫైలు ఆగిన చోట జరిగింది.

ఉరికీ ఆలస్యానికీ ఉన్న ముడి గురించి గట్టిగా మాట్లాడింది తెలుగువాడైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డే. ఉరిశిక్ష పడ్డాక రెండేళ్లకు మించి వేలాడదీస్తే దాన్ని యావజ్జీవంగా మార్చాలని 1983లో వైదీశ్వరన్ కేసులో ఆయన తీర్పు. కొద్ది వారాలకే మరో బెంచ్ దాంతో విభేదించింది, తర్వాత త్రివేణీబెన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం రెండేళ్ల గడువు లెక్కను తోసిపుచ్చింది. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో, క్షమాభిక్ష మీద కారణం లేని సుదీర్ఘ ఆలస్యం ఉరిని తప్పించడానికి చాలునని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆయన ఆలోచన వేరే రూపంలో తిరిగి వచ్చింది.

పన్ను తీర్పుల ఆయుష్షు వీటన్నిటికన్నా చంచలం. పన్ను వేయాలంటే చట్టం ఉండాలని 265వ అధికరణ అంటుంది గనుక, వాదన అంతా ఒక్కో మాట అర్థం చుట్టూ తిరుగుతుంది. హైదరాబాద్ శివార్లలో కుత్బుల్లాపూర్ గ్రామ పంచాయతీ హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీ మీద ఇంటి పన్ను, కట్టడానికి అనుమతి రుసుము వేసింది. ఫ్యాక్టరీ ‘ఇల్లు’ ఎలా అవుతుందని కంపెనీ కోర్టుకెక్కి హైకోర్టులో గెలిచింది. అప్పీలు నడుస్తుండగానే శాసనసభ ఇల్లు అన్న మాటకు నిర్వచనాన్ని వెనకటి తేదీ నుంచి మార్చేసింది. 1975లో సుప్రీంకోర్టు ఆ మార్పును ఒప్పుకుని ఇంటి పన్నును నిలబెట్టింది. అనుమతి రుసుమును మాత్రం ఒప్పుకోలేదు. రుసుమంటే బదులుగా ఏదో సేవ చేయాలి, పంచాయతీ చేసింది ఏమీ లేదు. నిర్వచనం మార్చి పన్నును బతికించుకోవచ్చు, చేయని సేవను చేసినట్టు మార్చడం ఏ శాసనసభ వల్లా కాదు.

2004 నాటి సాఫ్ట్‌వేర్ తీర్పు నిలవడానికి కారణం అది సర్కారు గెలిచిన తీర్పు కావడం. మేధస్సు కంటికి కనిపించదు గనుక సరుకు కాదన్న వాదాన్ని కోర్టు ఒప్పుకోలేదు. డిస్కు మీదికి ఎక్కాక కొనడానికి, అమ్మడానికి, దాచడానికి వీలయ్యేదంతా సరుకే అంది. ఒక్కో కంపెనీ అవసరానికి విడిగా రాసే ప్రోగ్రాముల ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది. సర్కారు ఓడిన తీర్పు గతి సనోఫీ కేసులో కనిపిస్తుంది. హైదరాబాద్ వ్యాక్సిన్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ షేర్లున్న ఒక ఫ్రెంచ్ కంపెనీని ఇంకో ఫ్రెంచ్ కంపెనీ కొంటే, ఇక్కడి ఆస్తి చేతులు మారినట్టేనని ఆదాయపు పన్ను శాఖ పన్ను అడిగింది. ఈలోగా ఇలాంటిదే అయిన వోడాఫోన్ కేసులో ఓడిన కేంద్రం 2012లో చట్టాన్ని 1962 నుంచి వర్తించేలా సవరించింది. అయినా 2013 ఫిబ్రవరి 15న హైకోర్టు శాఖ వాదన తోసిపుచ్చింది. ఫ్రాన్స్‌తో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం ఆ లాభం మీద పన్ను హక్కు ఫ్రాన్స్‌దే, మన చట్టాన్ని మనం మార్చుకున్నంత మాత్రాన ఇరు దేశాల ఒప్పందం మారదు. 2021లో కేంద్రం తానే వెనక్కి తగ్గి, 2012 మే 28కి ముందు లావాదేవీల మీద ఆ వెనకటి పన్నును ఎత్తేసింది. ఎనిమిదేళ్లు ఆలస్యంగానైనా హైకోర్టు చెప్పిన దిక్కుకే వచ్చింది.

క్రిమినల్ తీర్పూ పన్ను తీర్పూ ఒకే కంపెనీ దగ్గర కలిసిన సందర్భం సత్యం. లేని ఆదాయాన్ని లెక్కల్లో చూపినందుకు 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు కంపెనీ వ్యవస్థాపకుడు రామలింగరాజుతో సహా పదిమందిని దోషులన్నది. మరి ఆ లేని ఆదాయం మీద పన్ను సంగతేమిటి? శాఖ పాత రిటర్నులను పట్టుకునే ఉంది. అసలు ఆదాయాన్నే లెక్కించాలి గానీ కల్పిత ఆదాయం మీద పన్ను నిలవదని, సత్యాన్ని తనలో కలుపుకున్న టెక్ మహీంద్రా పిటిషన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

చంపాపేట్, కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్ కాలనీల్లో పన్ను తీర్పు ఇంటి గడప దాకా వచ్చేది డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ దగ్గర. ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టుకున్న ఇండిపెండెంట్ ఇంటిని బిల్డర్‌కు ఇస్తారు. అతను కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టి సగం ఫ్లాట్లు యజమానికి ఇస్తాడు. కాగితం ‘డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ’, రిజిస్ట్రేషన్ అవుతుంది. చేతికి డబ్బు రాదు, ఫ్లాట్లు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఎప్పుడు కట్టాలి? స్థలం బిల్డర్ స్వాధీనం చేసిన రోజే బదలాయింపు జరిగినట్టు, ఫ్లాటు అందిందా లేదా అన్నదానితో పని లేదు అని 2014లో హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఇల్లు ఖాళీ చేసి అద్దె ఇంట్లో ఉంటున్న రిటైర్డ్ ఉద్యోగికి, చేతిలో లేని ఫ్లాట్ల మీద పన్ను నోటీసు రావడమంటే ఇదే. రిజిస్టరు కాని ఒప్పందం బదలాయింపు కిందికి రాదని 2017లో సుప్రీంకోర్టు బల్బీర్ సింగ్ మైనీ కేసులో చెప్పింది గానీ, రిజిస్టరు చేసుకున్న నిజాయితీపరుడికి దానివల్ల ఊరట లేదు. ఈసారి శాసనం కక్షిదారు పక్షాన వచ్చింది. 2017 ఫైనాన్స్ చట్టం తెచ్చిన 45(5ఎ) సెక్షన్ ప్రకారం వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు పన్ను పడేది కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో; ఆ రోజు తన వాటాకున్న స్టాంపు విలువ, దానికి తోడు ముట్టిన నగదు ఎంతో అదే అమ్మకం ధర. సర్టిఫికెట్ రాకముందే తన వాటా ఫ్లాటు అమ్ముకుంటే మాత్రం ఈ వెసులుబాటు పోయి, అమ్మిన ఏడాదే పన్ను పడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబరు మారుతుంది గనుక, పాత తీర్పు చదివేవాళ్లు రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టుకోవలసిందే.

అదే అగ్రిమెంట్ మీద జీఎస్‌టీ ప్రశ్న వేరు. భూమి అమ్మకం మీద జీఎస్‌టీ లేదు గనుక భూమి హక్కులు బిల్డర్‌కు ఇవ్వడం మీదా ఉండకూడదని ప్రహిత కన్‌స్ట్రక్షన్ సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు ఒప్పుకోలేదు. అగ్రిమెంట్ చేసుకున్న నాడు భూమి యాజమాన్యం మారడం లేదు, కట్టుకునే హక్కు మాత్రమే చేతులు మారుతోంది, అది సేవ కిందికే వస్తుంది అన్నది. ఆదాయపు పన్నుకు అదే కాగితం బదలాయింపు, జీఎస్‌టీకి బదలాయింపు కాదు. ఒక్కో చట్టం తన నిర్వచనాన్ని తాను రాసుకుంటుంది గనుక రెండు మాటలూ పక్కపక్కనే చెల్లుతున్నాయి. 2019 ఏప్రిల్ 1 తర్వాతి ప్రాజెక్టుల్లో ఈ హక్కుల మీద పన్ను కట్టే బాధ్యత బిల్డర్‌దే. నివాస ఫ్లాట్లలో కంప్లీషన్‌కు ముందు అమ్ముడైన మేరకు మినహాయింపు ఉంది, మిగిలిపోయిన వాటి మీదే పన్ను. అగ్రిమెంట్‌లో ఈ భారం ఎవరి మీద పడుతుందో విడిగా ఒక క్లాజు రాయించుకోని యజమాని, ఫ్లాటు తాళాలు తీసుకునే రోజున బిల్డర్‌తో ఆ లెక్క తేల్చుకోవలసి వస్తుంది.